పిడికెడు మన్ను వేశాక

కోవిడ్ తగ్గి, బళ్ళారి కోర్టులు మళ్ళీ మామూలుగా నడవడం మొదలైన ఏడాది. నాట్ల కాలంలో ఒక సాయంత్రం సిరిగేరి నుంచి సుశీలమ్మ నా లాయరాఫీసుకు వచ్చింది. వరి నాట్లు వేసే ఆడవాళ్ళలో ముందు నిలబడి పాట ఎత్తుకునే మనిషి. ట్రాక్టర్ గుద్దడంతో ఆమె కుడికాలు మోకాలి కింద తీసేశారు. ట్రాక్టర్ నడిపింది దాని యజమాని దేవదానం, వాళ్ళ చర్చి మనిషే. ఇన్సూరెన్స్ కట్టలేదు కాబట్టి ట్రిబ్యునల్ ఇచ్చిన అవార్డు, అంటే పరిహారం, మొత్తం ఆయనే చెల్లించాలి. అది చేతికి రాకముందే ఆయన గుండెపోటుతో పోయాడు.

"ఇంగ కేసు వద్దు మేడమ్మా," అంది సుశీలమ్మ, చంకకర్రలు గోడకు ఆనించి. "సమాధిలో మన్నేసొచ్చినా."

పిడికెడు మన్ను వేస్తే ఆ మనిషితో ఉన్న తగాదా తీరిపోయినట్టేనని వాళ్ళ నమ్మకం. నాకు మాత్రం ఒళ్ళు మండింది. ఎంత తిరిగితే గెలిచిన కేసు అది!

"మనిషిని పూడ్చినారు గానీ ఆయన పొలాన్ని పూడ్చలేదు కదమ్మా," అన్నాను. ఎగ్జిక్యూషన్ పిటిషన్ అంటే తీర్పును అమలు చేయించే అర్జీ అని చెప్పాను. కట్టాల్సినవాడు చనిపోతే అందులో అతని వారసులను చేర్చాలి. వాళ్ళు సొంత డబ్బు పెట్టక్కర్లేదు. అతని నుంచి వచ్చిన ఆస్తి ఎంతో, అంతవరకే బాధ్యత.

ఆమె విన్నదో లేదో తెలియదు. "నాట్లు పడతాండాయి మేడమ్మా. ఇంట్లో కూసున్నా పాట ఇనబడతాది. తప్పులు పాడతాండారు," అంది. "ఒక్కసారి మడిలో దిగల్లని పానం కొట్టుకుంటాది."

కృత్రిమ కాలు రావాలన్నా ఆ అవార్డులోంచే రావాలి. ఆ మాట నేను అన్నాక ఆమె గోడకు ఆనించిన కర్రల వైపు చూసింది. తర్వాత పెన్ను అడిగి తీసుకుని సంతకం పెట్టింది.

పిటిషన్‌లో పొలం జప్తు కోరాం. దేవదానం భార్య రత్నమ్మ కోర్టుకు వచ్చింది. అభ్యంతరం ఏమిటని జడ్జిగారు అడిగితే, "అందరి ముందర మన్నేసింది సార్. అంతటితో అయిపోయిందనుకుంటిమి," అంది.

సుశీలమ్మ కర్రల మీద లేచి నిలబడింది. "నా కోపం మీద ఏసిన మన్నక్కా అది. కాలు మీద ఏయలేదు."

జడ్జిగారు డబ్బు కట్టడానికి గడువు ఇచ్చారు. ఆ గడువులోనే రత్నమ్మ ట్రాక్టర్ అమ్మి డబ్బు కోర్టులో కట్టింది, పొలం నిలుపుకుంది. "ఆ ట్రాక్టర్ వాకిట్లో ఉంటే నాకూ అన్నం దిగల్యా మేడం," అని బయట వరండాలో నాతో అంది.

ఆ డబ్బుతో కృత్రిమ కాలు పెట్టించుకున్న సుశీలమ్మను, మరుసటి నాట్లకు రత్నమ్మ తన మడికే పిలిచిందట. ఆ రోజు సుశీలమ్మ నాకు ఫోన్ చేసింది.

"దిగితివా?" అని అడిగాను.

"దిగితి మేడమ్మా. పాట కూడా నేనే ఎత్తుకుంటి." వెనక నుంచి ఆడవాళ్ళ నవ్వులు వినిపిస్తున్నాయి. నాకు చాలా సంతోషమేసింది. ఆమె మెల్లగా అంది. "బురద ఒగ కాలికే సల్లగుండాది."

చనిపోయినవాడి ఆస్తిలోంచి పరిహారం ఎలా రాబట్టాలో ఆ కేసుతో నాకు బాగా వచ్చింది. జూనియర్లకు ఇప్పటికీ అదే ఉదాహరణగా చెబుతాను. కానీ డబ్బు అందుకున్న కక్షిదారును "ఇప్పుడు సంతోషమేనా?" అని అడగడం మాత్రం మానేశాను.