మామ గొంతుకు కొత్త డబ్బా

మాదాపూర్ గుట్టల మీద అద్దాల మేడలు లేస్తున్న ఆ రోజుల్లో మా చుట్టాలందరికీ ఒక గట్టి నమ్మకం ఉండేది. సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేసేవాడికి కరెంటుతో నడిచే ప్రతి వస్తువూ లొంగుతుందని. నిజానికి ఆఫీసులో నేను చేసే పనల్లా ఎవరో రాసిన ప్రోగ్రాంలో తప్పులు పట్టుకుని ఇంకెవరికో చెప్పడం. వాటిని దిద్దడం కూడా నా పని కాదు. అయినా ఏ పెళ్ళికి వెళ్ళినా ఎవరో ఒకరు నన్ను వంటింట్లోకి లాక్కెళ్ళి మిక్సీ ముందు కూర్చోబెట్టేవాళ్ళు. "గంత పెద్ద కంప్యూటరే నడుపుతవు, గీ మిక్సీ నీకో లెక్కనా?" అనేవాళ్ళు. కాదనడానికి నాకు నోరు వచ్చేది కాదు. పైగా మెడలో ఆఫీసు కార్డు వేలాడుతుండేదాయె (ఆదివారాలు కూడా తీసేవాణ్ణి కాదు, అదొక వయసు). ఏదో ఒకటి విప్పి చూస్తే తప్ప దానికి మర్యాద దక్కదనిపించేది.

మా మేనమామ ఫిలిం నగర్‌లో ఉండేవాడు. ఫిలిం నగర్ అనగానే పెద్ద గేటు, లోపల కుక్క, పోర్టికోలో కారు ఊహించుకోకండి. ఆ గేట్ల వెనకాల గుట్టను ఆనుకుని రెండు గదులు, ఒక హాలు. మామ డబ్బింగ్ ఆర్టిస్టు. ఆయన పేరు చెబితే ఎవరికీ తెలియదు గానీ ఆయన గొంతు వినని తెలుగువాడు ఉండడు. సంతలో "పట్టుకోండి, పట్టుకోండి" అని అరిచేది ఆయనే. పంచాయతీలో "అన్యాయం, అన్యాయం" అనేదీ ఆయనే. గుంపులో గోవిందయ్య. పుట్టి పెరిగింది గుట్ట దిగితే వచ్చే షేక్‌పేట కాబట్టి మాటలో యాస ఉందని పెద్ద వేషాలకు గొంతు ఇవ్వనిచ్చేవాళ్ళు కాదు. ఒక్కసారి మాత్రం అదృష్టం తలుపు తట్టింది. ఒక జానపద చిత్రంలో, చివర మాంత్రికుడు రాజకుమారిని బలివ్వబోతుంటే ఉరుములు ఉరిమి ఆకాశవాణి పలుకుతుంది. "ఓరీ దురాత్మా! నీ పాపము పండినది! ఇక నిన్ను కాపాడువాడు ముల్లోకములలో లేడు!" ఆ ఆకాశవాణి మా మామ.

సినిమా శతదినోత్సవం చేసుకుంది. హీరోకీ హీరోయిన్‌కీ షీల్డులు ఇచ్చి, నిర్మాత మా మామను ప్రత్యేకంగా స్టేజీ మీదికి పిలిచి ఒక హోమ్ థియేటర్ సెట్టు చేతిలో పెట్టాడు. నడిపించే డబ్బా ఒకటి, గుప్పెడు గుప్పెడంత స్పీకర్లు ఐదు, ధనధన మోగే బరువైన పెట్టె ఒకటి. మామ తన జీవితంలో అందుకున్న బహుమానం అదే. ఇంటికొచ్చిన వాళ్ళందరికీ కాఫీకంటే ముందు ఆ క్లైమాక్స్ వినిపించేవాడు. డీవీడీలో ఆ ఒక్క మాట మాత్రం వెనక స్పీకర్లలోంచే వచ్చేది. సోఫాలో కూర్చున్న వాళ్ళు ఉలిక్కిపడి వెనక్కి చూస్తే అక్కడ మామ చేతులు కట్టుకుని నిలబడి ఉండేవాడు.

ఊరంతా మెచ్చుకున్నా ఒక్క మనిషి మాత్రం ఒప్పుకోలేదు. ఆమె మామ కన్నతల్లి, మా అవ్వ. షేక్‌పేటలో చిన్న మామ దగ్గర ఉండేది. సినిమా వచ్చినప్పుడు ఆటోలో కూర్చోబెట్టి యూసుఫ్‌గూడ తీసుకెళ్ళి చూపించాడు మామ. మొత్తం చూసి బయటికొచ్చి, "నువ్వేడున్నవురా?" అంది. ఆకాశవాణి నేనేనమ్మా అన్నాడు. అవ్వ నోటి మీద చెయ్యేసుకుంది. "గాయన ఎవలో పంతులు లెక్క మాట్లాడిండు. నా కొడుకు గొంతు నాకెరుక లేదా? కన్నతల్లి ముంగటనే అబద్ధమా బిడ్డా?" ఆ మాట మామను ముల్లులా పట్టుకుంది. షీల్డులు ఇచ్చేవాళ్ళు ఇవ్వకపోయినా ఫరవాలేదు, అమ్మ నమ్మకపోతే ఎట్లా అల్లుడా అనేవాడు నాతో, నవ్వుతున్నట్టే.

ఆ అవ్వకు కంటి శుక్లాల ఆపరేషన్ అయింది. నల్లద్దాలు పెట్టుకుని, కొన్నాళ్ళు పెద్ద కోడలు, అంటే మా అత్త, చేతి వంట తింటానని ఫిలిం నగర్ వచ్చింది (ఆమె చిన్నప్పుడు మేకలు మేపిన గుట్ట అది, "మా మేకలు పండుకునే కాడ మీరు పండుకుంటున్నరు" అనేది). మామకు ఆశ పుట్టింది. ఈసారి బొమ్మ కనపడదు, ఒట్టి గొంతే వింటుంది, తప్పకుండా గుర్తుపడుతుంది అని. ఆదివారం మధ్యాహ్నం భోజనాలయ్యాక ఆట అని ప్రకటించాడు. సరిగ్గా ఆ వారమే డబ్బా చచ్చిపోయింది. బుస్సుమని పొగ వదిలి, మళ్ళీ కన్ను తెరవలేదు.

రిపేరు దుకాణాలన్నీ తిరిగాం. డబ్బాకు సామాను దొరకదు, మొత్తం సెట్టే మార్చుకోండి అన్నారు. మామ ససేమిరా అన్నాడు. "డబ్బా పోతే పోనీ, నడిపేటోడు ఎవడైనా ఒకటే. గీ స్పీకర్లు మాత్రం ఇంట్లకెల్లి పోవు. నా గొంతు వీట్లనే ఉన్నది." అప్పుడు నేను ఎప్పటిలాగే నా కార్డు సవరించుకుని, కొత్త డబ్బా తెచ్చి పాత స్పీకర్లకు నేను తగిలిస్తాను, ఫికరు చెయ్యకు మామా అన్నాను. అత్త నా వైపు అదోలా చూసింది. ఆమె మిక్సీ అప్పటికింకా నా దగ్గరే ఉంది, ముక్కలుగా.

డబ్బా తెచ్చాను. తీరా చూస్తే పాత కంపెనీవాడు స్పీకర్ల తీగలకు తన సొంత ప్లగ్గులు బిగించాడు, ఇంకెవరి డబ్బాలోనూ దూరకుండా. ఆఫీసులో పని మానేసి ఇంటర్నెట్‌లో వెతికితే ఎవరో పుణ్యాత్ముడు ఇదే కష్టం పడి వివరంగా రాశాడు. ప్లగ్గులు కత్తిరించెయ్యి, తీగ ఒలిచి నేరుగా బిగించు అన్నాడు. సంతోషంగా చదువుతుంటే మేనేజర్ వచ్చి భుజం మీద చెయ్యి వేశాడు. చటుక్కున మూసేశాను. మిగతా సగం చదవలేదు. (తర్వాత తీరిగ్గా చదివాను. ఆ స్పీకర్లు తిండిపోతులట. కొత్త డబ్బా పెట్టగలిగిన దానికంటే ఎక్కువ కరెంటు గుంజుతాయట. సౌండు పెంచితే డబ్బా భయపడి తనంతట తానే ఆగిపోతుందట. ముఖ్యమైన సంగతులన్నీ రెండో సగంలోనే ఉంటాయని నాకు అప్పటికింకా తెలియదు.)

ప్లగ్గులు కత్తిరిస్తుంటే మామ చూడలేక వరండాలోకి వెళ్ళిపోయాడు. అన్నీ బిగించాక నేను క్లైమాక్స్ పెట్టి చూద్దామన్నాను. మామ నా చెయ్యి పట్టుకున్నాడు.

"ఏం మాట్లాడుతున్నవ్ అల్లుడా? ముహూర్తం షాట్ ఎవడన్న క్లైమాక్స్ తీస్తడా? దేవుని పటం మీదనే తియ్యాలె."

"టెస్టింగ్ మామా. మా ఆఫీసులో అయితే..."

"మీ ఆఫీసుల కొబ్బరికాయ కొడ్తరా? కొట్టరు గద. గందుకే గన్ని తప్పులు దొరుకుతున్నయ్ నీకు. ఫస్ట్ కాపీ మా అమ్మనే వినాలె. గంతే."

డబ్బాకు పసుపు రాశారు, బొట్టు పెట్టారు, అగరువత్తి వెలిగించారు, కొబ్బరికాయ కొట్టారు. ఒక భక్తి పాట పెట్టాం, అదీ అవ్వ పడుకుందని సన్నగా. అన్ని స్పీకర్లూ చక్కగా పాడాయి. మామ నా తల నిమిరాడు. తప్పులు పట్టుకోవడం ఉద్యోగంగా గలవాణ్ణి, ఆ ఒక్క పాటతో పరీక్ష ముగించాను.

ఆదివారం వచ్చింది. సోఫా మధ్యలో అవ్వ నల్లద్దాలతో, రాణిలాగా. పక్కన అత్త. ఇంకో పక్క ఎదురింటి డూపు అంకుల్ (హీరోల బదులు మేడల మీంచి దూకి దూకి మోకాళ్ళు అరిగిన భీమవరం పెద్దమనిషి). డబ్బా దగ్గర నేను. సోఫా వెనకాల ఎప్పటి చోట మామ, కొత్త చొక్కా వేసుకుని, ఎందుకో గొంతు సవరించుకుంటూ. మాంత్రికుడు కత్తి ఎత్తాడు.

"సౌండ్ పెంచండి బాబూ, అసలు సీను వస్తోంది!" అన్నారు డూపు అంకుల్. పెంచాను. మొదటి ఉరుముకు కిటికీ అద్దాలు అదిరాయి. అవ్వ అత్త చెయ్యి పట్టుకుంది. రెండో ఉరుముకు డబ్బా లోపల టక్కుమంది. అంతే. దీపం ఎర్రగా కొట్టుకుంటోంది. తెర మీద మాంత్రికుడు నోరు తెరిచి ఆకాశం వైపు చూస్తున్నాడు. హాలంతా నిశ్శబ్దం. మీటలన్నీ నొక్కాను. డబ్బా పలకలేదు. మెల్లిగా తల తిప్పి మామ వైపు చూశాను. ఆ ముఖం నేను ఎన్నడూ చూడలేదు. ఎన్నో ఏళ్ళు ఎదురుచూసిన ఒక్క క్షణం కళ్ళముందే జారిపోతుంటే ఉండే కోపం అది. నా మీదే. మామ చెయ్యెత్తి, నా వైపు వేలు చూపించి, ఇల్లు దద్దరిల్లేలా అరిచాడు.

"అరేయ్ దుర్మార్గుడా! నీ పాపం పండిందిరా! ఇగ నిన్ను కాపాడేటోడు మూడు లోకాలల్ల ఎవ్వడు లేడు!"

తెర మీద మాంత్రికుడు గడగడ వణికి కత్తి కింద పడేశాడు. డబ్బా పక్కన నా చేతిలోని రిమోటు కూడా కింద పడింది. "అబ్బ! ఏం ఎఫెక్టండీ! నిజంగా వెనక నిలబడి అరిచినట్టే ఉంది!" అని డూపు అంకుల్ చప్పట్లు కొట్టారు. అవ్వ మాత్రం కదల్లేదు. నల్లద్దాల కింద నుంచి నీళ్ళు కారుతున్నాయి. అత్త భయపడి, అత్తమ్మా, కండ్లు నొస్తున్నయా అని అడిగింది.

"నా కొడుకు," అంది అవ్వ. "గిదిరా నా కొడుకు గొంతు! చిన్నప్పుడు గుట్ట మీదికెల్లి మేకలను గిట్లనే అదిలిస్తుండె. గాడు, గాడే!" వెనక్కి చెయ్యి చాపి గాలిలో తడుముకుంది. మామ ఆ చేతిని అందుకుని సోఫా వెనకాలే మోకాళ్ళ మీద కూర్చుండిపోయాడు. జీవితమంతా గొంతు అమ్ముకుని బతికిన మనిషికి ఆ పూట గొంతు పెగల్లేదు. నాకు ఏడుపు వచ్చింది, తప్పించుకున్నానని నవ్వూ వచ్చింది.

మామ నన్ను ఏమీ అనలేదు. అనాల్సింది మూడు లోకాల లెక్కన అప్పటికే అన్నాడుగా. ఆ సాయంత్రం అవ్వ షేక్‌పేట పోతానంటే నేనే ఆటోలో తీసుకెళ్ళాను. వచ్చే ఆదివారానికి డబ్బా తప్పకుండా బాగుచేస్తాను అవ్వా, మళ్ళీ విందువుగాని అని మాటిచ్చాను. అవ్వ నా మోకాలి మీద తట్టింది. "వద్దు బిడ్డా, సక్కగ జెయ్యకు. సక్కగైతే మళ్ళ గా పంతులే మాట్లాడుతడు." ఎంత తెలుసో, ఎప్పుడు తెలుసుకుందో నేను అడగలేదు. కొంగు సర్దుకుని, దారి పొడుగునా ఆటో అతనికి తన కొడుకు సినిమా గురించి చెప్పుకుంటూ వచ్చింది.

అవ్వ ఇప్పుడు లేదు. నేను మేనేజర్‌నయ్యాను, ఇంటర్నెట్‌లో సగం చదివి మూసేసే పిల్లల భుజాల మీద చెయ్యి వేస్తుంటాను. మామ ఆ స్పీకర్లు నాకే ఇచ్చేశాడు. మా హాల్లో వెనక గోడకు, తెగిన తీగలతో, మూగగా వేలాడుతున్నాయి. వాటికి సరిపోయే డబ్బా ఇవాళ తేలిగ్గానే దొరుకుతుంది గాని, అవ్వకు ఇచ్చిన మాట కాదు, అవ్వ వద్దన్న మాట అడ్డం వస్తుంది. ఏ సినిమాలో ఉరుము ఉరిమినా మాత్రం ఇప్పటికీ ఒకసారి వెనక్కి తిరిగి చూస్తాను. తర్వాత మామకు ఫోన్ చేస్తాను. ఆయన హలో అనడు. "ఏం అల్లుడా, పాపం పండిందా?" అంటాడు. ఇంకా కొంచెం పచ్చిగానే ఉంది మామా అంటాను.