చేతి మీదే కరిచిందన్నాం

మా తోటికోడలు పరుపుల కార్ఖానాలో పద్నాలుగేళ్లు పనిచేసింది. నన్ను ఆ పనిలో పెట్టింది కూడా ఆమే. నాకు అక్క, కార్ఖానాలో మాత్రం అందరికీ దబ్బనం. మనిషి సన్నం, మాట సూటి. ఒంటి సంగతి వస్తే మాత్రం ఆ సూటితనం ఎటుపోయేదో తెలియదు.

హాస్టళ్ల నుంచి, లాడ్జీల నుంచి పాత పరుపులు వచ్చేవి. కుట్లు విప్పి, దూది లాగి, ఏకి, మళ్లీ నింపి అంచులు కుట్టాలి. అంచు కుట్టేటప్పుడు పరుపును నిలబెట్టి రొమ్ముకు ఆనించుకోకపోతే కుట్టు వదులవుతుంది. లోపలున్న నల్లులకు అంతకంటే ఏం కావాలి? జాకెట్లలో దూరేవి. చెమట పట్టిన చోటల్లా, చెప్పుకోలేని చోటల్లా కరిచేవి. మగవాళ్లు చొక్కాలు విప్పి దులుపుకునేవాళ్లు. మేం పంటి బిగువున కూర్చునేవాళ్లం.

మందు ట్యూబు మేస్త్రీ సొరుగులో ఉండేది. కరిచిన చోటు చూపిస్తేనే ఇస్తాడు. అందుకని ఆడవాళ్లం ఒక ఏర్పాటు చేసుకున్నాం. ఆ రోజు ఎవరికి చేతి మీద కరిస్తే వాళ్లు వెళ్లి చూపించాలి. మందు కాగితం మీద తెచ్చి దూది కుప్ప వెనక అందరికీ పంచాలి. ఎవరి చేతి మీదా లేకపోతే అక్క దబ్బనం మొనతో మోచేతి కింద గీరుకుని, దద్దురు తేలాక వెళ్లేది.

"ఈ నల్లులకి నీ చెయ్యంటే ఎంత ప్రేమో!" అనేవాడు మేస్త్రీ.

"మీ దగ్గర పని నేర్చినవి కదండీ, పట్టుకుంటే వదలవు," అనేది.

మేం కడుపు పట్టుకుని నవ్వేవాళ్లం. ఇప్పుడు తలుచుకుంటే ఒళ్లు మండుతుంది, మా మీదే.

నేను పనిలో చేరిన పదకొండో ఏట ఎండలు ముదిరాక అక్కకు ఎడమ రొమ్ము కింద కరిచింది. గోకింది. పుండయింది. పంచుకున్న మందే రాసింది. వారం తిరిగేసరికి అక్కడ గడ్డ లేచి, జాకెట్టు హుక్కు పెట్టుకోలేకపోయింది. ఒళ్లు కాలిపోతోంది.

"చూపించుకుందాం పదక్కా," అన్నాను.

"నల్లి కరిచిందని డాక్టరు దగ్గరికా? నవ్విపోతారే."

పదోరోజు బలవంతాన లాక్కెళ్లాను. లేడీ డాక్టరని వెతికి మరీ తీసుకెళ్లాను. తీరా చూస్తే ఆమె బల్ల పక్కనే చీటీలు రాసే మగమనిషి ఒకడు కూర్చుని ఉన్నాడు.

"ఏమైందమ్మా?" అంది డాక్టరమ్మ.

"నల్లి కరిచిందండీ," అంది అక్క.

"ఎక్కడ?"

అక్క చెయ్యి దానంతటదే ముందుకు వచ్చింది. మోచేతి కింద పాత గీతలు, రెండు దద్దుర్లు ఉన్నాయి. డాక్టరమ్మ వాటిని చూసి, జ్వరం చూసి, నా వైపు తిరిగింది. "ఇంకెక్కడా లేదు కదా?"

అక్క నా వంక చూడలేదు. చెప్పడానికి ఒక్క మాట చాలు.

"లేదండీ, చేతి మీదే," అన్నాను.

నా నోరెవరూ నొక్కలేదు. పదకొండేళ్లుగా మేస్త్రీకి చెప్పిన మాటే డాక్టరుకూ చెప్పాను. జ్వరం మాత్రలు, పూతమందు రాసిచ్చారు. తప్పు చేశానని కూడా అప్పుడు నాకు అనిపించలేదు. ఏమీ అనిపించలేదు.

నాలుగో రోజు కార్ఖానాలో కుడుతున్న పరుపు మీదే పడిపోయింది. పెద్దాసుపత్రిలో జాకెట్టును కత్తెరతో కోసేశారు. ఎక్కడ కరిచిందని అక్కడ మమ్మల్నెవరూ అడగలేదు. చీము లోతుకు దిగిందని సగం రొమ్ము తీసేశారు. నాలుగు రోజుల ముందు వచ్చి ఉంటే చిన్న గాటుతో పోయేదని నర్సు అంది. ఆ మాట నేను అక్కకు చెప్పలేదు.

రెండు నెలలకు పనిలోకి వచ్చింది.

"ఏమైందమ్మా ఇన్నాళ్లు?" అన్నాడు మేస్త్రీ.

"జ్వరమండీ," అంది. మేమంతా తలలూపాం.

పరుపును నిలబెట్టి, ఒంటికి ఆనించుకుని కుట్టడం మొదలుపెట్టింది. కాసేపటికి ఒక నల్లి ఆమె జాకెట్టు మీద పాకుతూ లోపలికి దూరడం చూశాను.

"అక్కా, నల్లి!"

ఆమె చెయ్యి ఆపలేదు.

"ఎటువైపే?"

"ఎడమవైపు."

"అయితే పోనీలే," అంది. "అటు కరిచినా నాకు తెలీదు."