రైఫిల్ వైద్యుడు

విస్కాన్సిన్‌లో జింకల వేట దగ్గరపడిందంటే చాలు, ఆర్విడ్‌కు వంటింటి బల్లమీద రైఫిల్ విప్పే జబ్బు పట్టుకుంటుంది. ముక్కు చివర కళ్లద్దాలు, పెదాల మధ్య రెండు మరలు, ఒళ్లో నూనె మరకల తువ్వాలు. రెండేళ్లుగా జింక దొరకలేదు కాబట్టి తప్పు తుపాకీదే. నిరుడు బరువైన గొట్టం వేశాడు, మొన్న దుర్భిణి మార్చాడు, నిన్న ట్రిగ్గర్. అయినా ఈ ఉదయం పెరట్లో మట్టిదిబ్బకు ఆనించిన అట్టమీద ఒక్క చిల్లూ పడలేదు. వేటకు ఇంకా రెండు రోజులే ఉన్నాయి.

"కొత్త ట్రిగ్గర్‌లోనే ఏదో తేడా ఉంది, మార్జీ," అన్నాడు భార్యతో, రైఫిల్ బిగించుకుని మళ్లీ పెరట్లోకి వచ్చి.

"ఏదీ, ఇలా తే. ఈసారి తూటా నేను పెట్టి ఇస్తా." ఆవిడ అటు తిరిగి, తూటా పెట్టకుండానే రైఫిల్ మూసి అతని చేతికిచ్చింది.

ఆర్విడ్ ఊపిరి బిగబట్టి, రెండు కళ్లూ గట్టిగా మూసుకుని ట్రిగ్గర్ నొక్కాడు. టిక్కుమంది. పేలని తుపాకీ మూతి మాత్రం అతని చేతులతోపాటు జానెడు కిందికి వంగి నేలకు దణ్ణం పెట్టింది.

"రెండేళ్లుగా జింకలకి ఇలాగే మొక్కుతున్నావన్నమాట!" అంది మార్జీ.

ఆర్విడ్ కిందికి దిగిన గొట్టాన్ని అరచేతిలో తూచి చూశాడు.

"నేను అనుకుంటూనే ఉన్నా," అన్నాడు. "ముందువైపు బరువెక్కువైంది. తేలికపాటి గొట్టం తెప్పించాలి."