ఎలుగును ముందు చూసింది నేనే

రత్తమ్మ పోయిందన్న కబురు నాకు మొదట చెప్పింది మా కల్లంలో మిరపకాయలకు తొడిమలు తీసే మస్తానమ్మ. "నిద్రలోనే పోయిందంటమ్మా, పుణ్యాత్మురాలు" అంది. ఇన్నేళ్లుగా మోస్తున్న బరువు ఆమె పోతే దిగుతుందనుకున్నానా? అనుకున్నాను. అదీ చెప్పాలి. దిగలేదు.

నేను బడికి పోలేదు. నాన్న ఇంట్లో నేర్పిన అక్షరాలతోనే రాస్తున్నాను. దేవుడు నాకు ఏ లోటూ చెయ్యలేదు, రోజూ దణ్ణం పెట్టుకుంటాను. ఈ ఒక్కటే ఆయనకు చెప్పుకోలేక మీకు చెబుతున్నాను.

రత్తమ్మ నా తోడికోడలు. తొంభైల చివర్లో ఒక శివరాత్రికి మా ఊరివాళ్లం దోర్నాల దాటి అడవిబాటన శ్రీశైలానికి నడిచాం. గుడి చేరేదాకా మాట్లాడనని నాకు మొక్కు. రత్తమ్మ ఊరుకుంటుందా? "మా అక్క నోరు మూసుకుంది, ఇంటిదగ్గర బావగారికి పండగే పండగ!" అని, ఎవరూ నవ్వకముందే తనే నవ్వింది. తర్వాత అందరూ నవ్వారు. బదులివ్వడానికి నాకు నోరు లేదు. ఆ నవ్వు దారి పొడుగునా నాలో సలుపుతూనే ఉంది.

ఆ బాటలో ఒక పద్ధతి ఉంది. వెనకబడినవాళ్లు గట్టిగా శివనామం పలుకుతూ నడవాలి. అలికిడికి ఎలుగుబంట్లు తప్పుకుంటాయి. వెనక మేమిద్దరమే. నా వంతు కూడా ఆమే పలికింది. రేగుచెట్టు కనపడగానే పక్కకు పోయి పళ్లు నోట్లో వేసుకుంది. పలుకు ఆగింది.

పుట్ట వెనక ఎలుగును ముందు చూసింది నేనే. మన్ను తవ్వుతున్నది తల ఎత్తింది. "రత్తమ్మా" అంటే చాలు. మొక్కు అడ్డొచ్చిందా? లేదు. ఆ పొద్దున్నే కాలు బెణికి "అబ్బా, చచ్చాను" అన్నాను, ఎవరూ వినలేదు. మొక్కు అప్పుడే పోయిందని నాకు తెలుసు. మరి భయమా? కొంచెం. మిగతాది ఇది: ఇప్పుడు నవ్వవే చూద్దాం, అనుకున్నాను. అది ఆమె మీద పడ్డాక కూడా నేను అరవలేదు. మగవాళ్లు కర్రలతో పరుగెత్తుకొచ్చేసరికి ఆమెకు ఒక కన్నూ, సగం మొహమూ లేవు.

ఆస్పత్రిలో కట్ల మధ్య నుంచి ఆమే నన్ను ఓదార్చింది. "నువ్వేం చేస్తావక్కా, మొక్కులో ఉన్నావు. చెడలేదుగా?"

"లేదమ్మా" అన్నాను.

ప్రాణం మీదికొచ్చినా మొక్కు తప్పని ఇల్లాలని ఊళ్లో ఆడవాళ్లు నా కాళ్లకు దణ్ణం పెట్టారు. వద్దనలేదు. రత్తమ్మ కన్నకూతురు తల్లి మొహం చూసి జడుసుకుని నా ఒళ్లో దాక్కునేది. నేనే అన్నం పెట్టాను, జడలు వేశాను, అమ్మా అని పిలిపించుకున్నాను. పక్కగదిలో కొంగు కప్పుకుని ఆ పిలుపు వింటూ, తన బిడ్డను సాకుతున్నందుకు రత్తమ్మ నాకు చేతులు జోడించేది.

క్షమించగలిగిన మనిషి పోయింది. ఆమె బతికుండగా చెప్పే ధైర్యం నాకెందుకు లేకపోయింది? చెబితే ఆ పిల్ల నన్ను అమ్మా అనదనా? రాశాను, కాస్త ఊపిరి ఆడుతోంది. అంతే.

నన్ను మరిచిపోండి. రత్తమ్మను తలుచుకోండి. పత్తి ఏరేటప్పుడు తన సాలు ముందే ముగించి నా సాలులోకి వచ్చేది, అడక్కుండానే.