రంగమ్మాళ్ ఎంచిన డీజిల్ బండి

రంగమ్మాళ్ చెప్పులు విప్పి బండి నడిపేది. ఒట్టన్‌చత్రం మండీలో టమాటా, మునక్కాయ, చిన్నుల్లి ఎక్కించుకుని కోయంబత్తూరుకు ఇరవై రెండేళ్ళు డీజిల్ వ్యాను తోలింది. ఆ వ్యానులో ఇంజను డ్రైవరు పక్కనే, ఇనప మూత కింద ఉండేది. దాని వేడికి ఎడమ తొడ కమిలిపోయింది. దాని మోతకు ముందు ఎడమ చెవి పోయింది, తర్వాత కుడి చెవి సగం పోయింది. చెవులు పోతున్నకొద్దీ ఆమె అరికాలితో వినడం అలవాటు చేసుకుంది. ఇంజను ఎప్పుడు మూలుగుతోందో, గేరు ఎప్పుడు మార్చాలో పాదానికే తెలిసేది.

ఈ సంగతి ఆమె ఎవరికీ చెప్పలేదు. తను గట్టిగా మాట్లాడేది గనుక ఇంట్లోవాళ్ళూ ఆమెతో గట్టిగానే మాట్లాడేవాళ్ళు. కొడుకు శరత్‌కుమార్ మాత్రం కనిపెట్టాడు.

శరత్‌కుమార్‌కు తుడియలూరులో పంపుల వర్క్‌షాపు ఉంది. పోయిన ఏడాది అతనికి కొత్త కారు మీద మనసుపడింది. ఐదుగురు కూర్చునే కుటుంబాల కారే గానీ, చూడటానికి పందేనికి సిద్ధంగా ఉన్నట్టుంటుంది. పెట్రోలుదీ వస్తుంది, డీజిలుదీ వస్తుంది. మూడు నెలలు ఫోనులో వీడియోలు చూశాడు. చివరికి ఒకరోజు తల్లి దగ్గర కూర్చున్నాడు.

"అమ్మా, పెట్రోలా డీజిలా, నువ్వే చెప్పల్ల. ఇంట్లో నీ అంత బండి తోలినోళ్ళు ఎవరుండారు?"

వ్యాను మానేసిన ఆరేళ్ళలో రంగమ్మాళ్‌ను ఎవరూ ఏదీ అడగలేదు. మర్నాడు పట్టుచీర కట్టుకుని షోరూముకు బయలుదేరింది. కోడలు కృత్తిక కూడా వచ్చింది.

ముందు పెట్రోలు కారు. రంగమ్మాళ్ చెప్పులు బయట విడిచి సీట్లో కూర్చుంది. బటన్ నొక్కింది. పాదం కింద ఏమీ లేదు. మళ్ళీ నొక్కబోతుంటే షోరూము అమ్మాయి యువరాణి మెల్లిగా ఆమె చెయ్యి పట్టుకుంది.

"పాట్టీ, స్టార్ట్ ఆయిడ్చు!" బండి ఎప్పుడో స్టార్టయింది అవ్వా అని చెప్పి నవ్వింది.

రంగమ్మాళ్ నాలుగు వీధులు తిప్పింది. రెండుసార్లు గేరు తప్పింది. తర్వాత డీజిలుది ఎక్కింది. బటన్ నొక్కగానే అదురు అరికాల్లోంచి మోకాళ్ళకు ఎక్కింది. మేట్టుపాళయం రోడ్డు మీద బస్సుల మధ్యనుంచి, పక్కనున్న యువరాణి చున్నీ కూడా కదలనంత నున్నగా తోలుకొచ్చింది.

"ఇదేరా. లోడుకి, ఏటవాలుకి ఇదే సరి. అది చూడు, పెట్రోలు తాగి తాగి సంపుతాది," అంది. అసలు కారణం చెప్పలేదు.

"సరిమా. డీజిలే తీసుకుందాము," అన్నాడు కొడుకు.

పది రోజులకు కారు ఇచ్చారు. పూలదండ వేసి, అట్టతో చేసిన పెద్ద తాళంచెవి ఆమె చేతికిచ్చి ఫొటో తీశారు. శరత్‌కుమార్ ఆమెను డ్రైవరు సీట్లో కూర్చోబెట్టి తనే బటన్ నొక్కాడు. ఆమె పాదం పెడలు మీద పెట్టి అదురు కోసం చూసింది.

"ఇది పెట్రోలు కదరా?"

"బుక్ చేసి నెలాయెనమ్మా. కృత్తికకి దీని వేగమే నచ్చింది, పిడిచ్చిపోయింది. నిన్ను అడిగితే సంతోషపడతావని అడిగితిమి, అంతే, అవ్వళవుదాన్."

"మరి నన్ను తోలమనింది ఏంటికి?"

"వీడియోకి. నువ్వు చెప్పులిడిచి కారెక్కేది తీసి మనోళ్ళందరికీ పంపిస్తిని. ఒకటే నవ్వు."

ఆమె దిగి చెప్పులు వేసుకుంది.

ఆ ఆదివారం చుట్టాలను భోజనానికి పిలిచారు. తిన్నాక శరత్‌కుమార్ అందరినీ కారు చుట్టూ నిలబెట్టాడు. తల్లి కళ్ళకు తువ్వాలు కట్టి, కారుకు రెండడుగుల దూరంలో నిలిపి, ఆమె చెయ్యి పైకెత్తి చూపించాడు.

"ఇరవై రెండేళ్ళు బండి తోలిన కై ఇది! బండి ఓడతా ఉండాదా, ఆగిండాదా, చెప్పమ్మా చూస్తాము!"

అంతమంది ముందు కాదంటే చెవుల సంగతి తనే ఒప్పుకున్నట్టవుతుంది. రంగమ్మాళ్ నిలబడింది. అతను ఆపాడు, స్టార్ట్ చేశాడు, మళ్ళీ ఆపాడు. ఐదుసార్లు కుడి చెవి దగ్గరికొచ్చి అడిగితే నాలుగుసార్లు తప్పు చెప్పింది. నవ్వుల శబ్దం కూడా ఆమెకు సరిగ్గా అందలేదు. తువ్వాలు తీశాక నోళ్ళు తెరుచుకుని ఊగిపోతున్న మనుషులు కనిపించారు. తనూ నవ్వింది.

ఈ ఆట వాడికి ఎవరు నేర్పారో ఆమెకు తెలుసు. భర్త తిరుమలసామికి లారీలంటే భయం, అందుకే స్టీరింగు ఆమె చేతికి వచ్చింది. మండీలో మూటలు మోసేవాళ్ళందరినీ పోగుచేసి, "మా ఆయన రివర్సు తీస్తాడు, చూడండప్పా" అని అతన్ని సీట్లోకి నెట్టేది. అతను చెమటలు కారుస్తూ గోడకు గుద్దేవాడు. ఆమె తొడ చరుచుకుని నవ్వేది. ఏడేళ్ళ శరత్ ఉల్లిమూట మీద కూర్చుని అందరికన్నా గట్టిగా నవ్వేవాడు. చివరికి తిరుమలసామి రావడమే మానేశాడు, చనిపోయేవరకూ మళ్ళీ ఆ మండీలో అడుగు పెట్టలేదు.

ఇంట్లో ఎవరూ ఆమెతో మాట్లాడటం లేదు ఇప్పుడు. అన్నానికి రమ్మనాలన్నా చేత్తో సైగ చేస్తారు. దగ్గరికొచ్చి చెబితే ఆమెకు ఇంకా వినబడుతుంది. ఎవరూ దగ్గరికి రారు.

వైకాసి నెలలో మేలూరులో పెళ్ళికి ముగ్గురూ కారులో బయలుదేరారు. ఒట్టన్‌చత్రం దగ్గర పడుతుంటే వెనక సీట్లోంచి రంగమ్మాళ్ ముందుకు వంగింది.

"మెల్లగా పోరా. మండీ సందులోంచి బండ్లు చూడకుండా వచ్చేస్తాయి."

అద్దంలో శరత్‌కుమార్ పెదవులు కదిలాయి. కృత్తిక వెనక్కి తిరిగి ఆమెను చూసి నవ్వి, మళ్ళీ ముందుకు తిరిగింది. వేగం తగ్గలేదు. సందులోంచి క్యాబేజీ మూటలతో ఒక ఆటో అడ్డంగా వచ్చింది. శరత్‌కుమార్ ఉన్నపళంగా బ్రేకు తొక్కాడు. రంగమ్మాళ్ నోరు ముందు సీటుకు కొట్టుకుంది. పై పన్ను ఊడి ఒళ్ళో పడింది. నెత్తురు గడ్డం మీంచి కారింది.

ఆటో తప్పుకుని పోయింది. శరత్‌కుమార్ వెనక్కి తిరిగి ఏదో అరిచాడు. ఆమెకు మాటలు అందలేదు, కానీ అతని వేలు ఎటు చూపిస్తోందో చూసింది. తెల్లటి కొత్త సీటు కవరు మీద ఎర్రటి మరకలు పడ్డాయి.

రంగమ్మాళ్ పట్టుకొంగు ఉమ్మితో తడిపి సీటు తుడవసాగింది. కారు మళ్ళీ కదిలింది.