చిల్లులు పూడ్చే ఎల్కానా

నలభై ఏళ్ళుగా భార్య తిర్సా ఇచ్చిన టీని చల్లార్చి తాగిన ఎల్కానా, ఆమె పోయిన ఈ నెల రోజులుగా తనే కాచుకుని వేడివేడిగా తాగుతున్నాడు. ఆ తెలివి ఇన్నాళ్ళూ ఎక్కడ దాచుకున్నాడో! తాగాక కళ్ళద్దాలు తుడుచుకుని, పాత హీబ్రూ కీర్తనలున్న తోలుముక్కల మీదికి వంగుతాడు. పురుగు తిన్న చిల్లును స్కేలుతో కొలిచి, అందులో సరిగ్గా పట్టే మాటలు ఏరి, నకలు కాగితం మీద పెన్సిలుతో పూడుస్తాడు. పురుగులు రెండు వేల ఏళ్ళు కష్టపడి తిన్నది ఈయన రెండు రోజుల్లో భర్తీ చేసేస్తాడు. ఒక విలాప కీర్తనలో మిగిలిన మూడు మాటల చుట్టూ ఆయన అల్లిన పాదమే యెరూషలేములో ఆయనకు పేరు తెచ్చింది.

శుక్రవారం మధ్యాహ్నం, పనులన్నీ ఆపేసే సబ్బాతు మొదలైందని సైరన్ మోగేలోపు ఆ కీర్తన కాగితం పుస్తకంలో వేయడానికి పట్టుకుపోదామని అచ్చుపని చూసే హదస్సా వచ్చింది. ఫ్రిజ్ మీద, తిర్సా ఆస్పత్రికి వెళ్తూ రాసిన చీటీ ఆమెకు కనిపించింది. “ఎల్కానా, నేను వచ్చేలోపు” అని ఉంది. తర్వాతది తడికి చెరిగిపోయింది.

“ఈ కాస్త చోట్లో ‘రొట్టె తే’ అన్నదే పడుతుంది,” అంది హదస్సా.

“నలభై ఏళ్ళు కాపురం చేసినవాణ్ణి, నాకే తెలీదు. నీకెలా తెలుసమ్మా?” అని కసురుకున్నాడు ఎల్కానా.

“మరి ఆ కీర్తన రాసినాయనతో మీరు ఏ వీధిలో కాపురమున్నారు ప్రొఫెసర్ గారూ?”

ఎల్కానా బల్ల దగ్గరికి వెళ్ళి, తను అల్లిన పాదాన్ని రబ్బరుతో తుడిచేశాడు. మూడు మాటలే మిగిలాయి.

“అయ్యో, వేళాకోళానికన్నానండీ! ఇప్పుడిక్కడేం రాస్తారు?” అంటూ హదస్సా పెన్సిల్ అందించింది.

ఎల్కానా దాన్ని అందుకోలేదు. కాగితం అలాగే ఆమె చేతిలో పెట్టి, వీధి తలుపు తెరిచి పట్టుకున్నాడు.