చేయని పాపం ఒప్పుకోలేదు

ప్రత్యేక తెలంగాణ గొడవలతో బడులు మూతపడి, బస్సులు ఎప్పుడు నడుస్తాయో తెలియని ఏడాది అది. శేరిలింగంపల్లిలో మా ఇంటి వెనక కూర్చుని తిరగలిలో జొన్నలు విసురుతున్నాను. దగ్గు తెర వచ్చింది. ఆగాక చూస్తే పిండి మీద నెత్తురు. మూడేళ్ల నా కూతురు రూతు పక్కనే ఆడుకుంటోంది. దాన్ని దూరంగా పంపి, పిండంతా గోతిలో పూడ్చాను.

నా భర్త దేవదానం రైల్వేలో గ్యాంగ్‌మన్. సాయంత్రం రాగానే చెప్పాను.

"రేపే దవాఖానకు పోదాం. బస్సు లేకుంటే పట్టాల పొంటి నడుస్తం. ఫికర్ చెయ్యకు" అన్నాడు. అన్నాడే గాని, ఆ పూట తనూ తినలేదు.

ఛాతీ దవాఖానలో ఎక్స్-రే తీశారు. మూడు రోజులు పొద్దుటి కఫం పరీక్షించారు.

"స్పూటమ్ పాజిటివ్ అమ్మా, కఫంలో క్రిములున్నాయి. రెండు లంగ్స్‌లోనూ టి.బి. ఉంది. ఏడాదిన్నర మందు ఆపకూడదు. పాపను దూరంగా ఉంచండి" అని డాక్టరమ్మ చెప్పింది.

రోజూ స్ట్రెప్టోమైసిన్ ఇంజెక్షన్, ఐ.ఎన్.హెచ్. మాత్రలు, కడుపులో తిప్పే పి.ఏ.ఎస్. రూతును పటాన్‌చెరులో మా అమ్మ దగ్గర వదిలాం. అది నా కొంగు పట్టుకుని వదల్లేదు. దాని వేళ్లు మా అమ్మ ఒక్కొక్కటిగా విప్పింది.

నేను దవాఖాన వార్డులో చేరిన మూడో వారం మా చర్చి సంఘ పెద్ద యేసుపాదం చూడటానికి వచ్చి, మంచానికి దూరంగా నిలబడ్డాడు.

"సుగుణమ్మా, దాసిన పాపం ఏదో ఉంటది. దేవదానం నీ తరఫున సంఘం ముంగట ఒప్పుకుంటే దేవుడు మళ్ల నీ దిక్కు చూస్తడు."

"ఆయన నా దిక్కు చూసుడు ఎన్నడు బంద్ చేసిండు అన్నా? పాపం చేస్తే ఒప్పుకుంట. దగ్గు వచ్చిందని ఒప్పుకోను."

"గింత గర్వం పనికిరాదు."

"గర్వం కాదు. ఆయన నన్ను ఇడిచిపెట్టిండని నువ్వంటున్నవు. ఈ మంచం కాడ నాతోటే ఉన్నడని నేనంటున్న."

ఆయన వెళ్లాక ప్రార్థనకు కూర్చున్నాను. దేవునితో కూడా మెత్తగా మాట్లాడలేదు. "ఉన్నవని నాకు తెలుసు. నా బిడ్డను నాకియ్యి. ఇచ్చేదాక అడుగుత, ఊకోను" అన్నాను. జవాబేమీ రాలేదు. కానీ ఒంటరిగా ఉన్నానని ఒక్కసారీ అనిపించలేదు. దాన్ని ఎవరికీ రుజువు చేయలేను.

రెండో నెలలో చెవుల్లో మోత మొదలైంది. ఇంజెక్షన్ ఆపేస్తారేమోనని చెప్పలేదు. దేవుడే చూసుకుంటాడులే అనుకున్నాను. ఒకరోజు లేచి నిలబడితే గది గిర్రున తిరిగి పడిపోయాను. నర్సు పెదవులు కదులుతున్నాయి, మాట వినపడటం లేదు.

"మోత వచ్చినప్పుడే ఎందుకు చెప్పలేదు?" అని డాక్టరమ్మ కాగితం మీద రాసి చూపించింది. చెవులు చెడగొట్టింది ఆ ఇంజెక్షనేనని, అది ఆపి మందు మార్చింది. ఎడమ చెవి కొంత మిగిలింది. కుడి చెవి పోయింది.

ఆరు నెలలకు స్పూటమ్ నెగెటివ్ వచ్చింది. ఇంటికి పంపారు. ఆ ఆదివారం చర్చికి వెళితే తలుపు దగ్గర నాకోసం విడిగా చాప వేసి ఉంది. యేసుపాదం చేత్తో చూపించాడు. నేను దవాఖాన కాగితం ఆయన చేతిలో పెట్టాను.

"నెగెటివ్ అని రాసున్నది. గట్టిగ సదువు అన్నా. నాకు ఇనపడకున్నా అందరికీ ఇనపడుతది."

ఆయన చదవలేదు. నేను వెళ్లి ఆడవాళ్ల ముందు వరుసలో కూర్చున్నాను. ఇద్దరు లేచి వెనక్కి జరిగారు. కాసేపటికి ముసలి శాంతమ్మ వచ్చి నా పక్కన కూలబడి, నా మోకాలి మీద చెయ్యి వేసింది.

ఏడాదిన్నర మందు పూర్తి చేశాను. ఆ తర్వాతే రూతును అమ్మ దగ్గర్నుంచి తెచ్చుకున్నాం. ఇంటికి రాగానే అది నన్ను గుర్తుపట్టక, అప్పుడప్పుడు వెళ్లి చూసొచ్చిన దేవదానం వెనక దాక్కుంది. వార్డులో ఏనాడూ ఏడవని నేను ఆ రోజు ఏడ్చాను. అది నా ఒళ్లోకి రావడానికి వారం పట్టింది.

ఇప్పుడు దానికి పదేళ్లు. జబ్బుకు ముందులాగే నేను చర్చిలో ఆదివారపు బడి పిల్లలకు మళ్లీ బైబిలు కథలు చెబుతున్నాను. "చెవిటిది ఏం చెప్తది" అన్నవాళ్లు ఉన్నారు. పిల్లలు మాత్రం అడగాల్సింది ఉంటే లేచి నా ఎడమ పక్కకు వస్తారు. కుడి చెవి కోసం దేవుణ్ణి ఇప్పటికీ అడుగుతూనే ఉన్నాను. ఆయన ఇవ్వలేదు. నన్ను వదిలి వెళ్లనూ లేదు.

ఈ జబ్బుతో మందు వాడుతున్నవారికి ఒక్క మాట. చెవిలో మోత వచ్చినా, కళ్లు తిరిగినా, ఆ రోజే డాక్టరుకు చెప్పండి. దేవుడు తోడున్నాడని నమ్మే మనిషి డాక్టరు దగ్గర ఏదీ దాచనక్కర లేదు.